నర్సుగారి పాప కొలతలు

పరీక్ష ఫారం ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు రోజు. చిన్నప్పుడు నన్ను నోటిమాట మీదే బళ్ళో చేర్చుకున్నారు గానీ, ఈసారి పుట్టినతేదీ సర్టిఫికెట్ లేనిదే ఫారం తీసుకోనని గుమస్తా రెండుసార్లు చెప్పాడు. ఇంట్లో అడిగినప్పుడల్లా అమ్మ, "ఎక్కడో పెట్టాను, వెతుకుతాలే" అంటూ కుట్టుమిషను మరింత జోరుగా తొక్కేది. ఆ చప్పుడులో నేనిక రెట్టించలేకపోయేదాన్ని. నోట్లో నాలుక లేని పిల్లనని మా పెద్దమ్మ అందరికీ చెబుతూ ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం అమ్మ దారాలు కొనడానికి వెళ్ళగానే నేనే వెతకడం మొదలుపెట్టాను. పెద్దమ్మ గుమ్మంలో వెలుతురు చూసుకుని చొక్కాకు కాజాలు కుడుతోంది. బీరువా అడుగు అరలో, గుడ్డపీలికల మూట వెనక, పాత కొలతల పుస్తకాలున్నాయి. అమ్మ కొలతలు మాత్రం ఎప్పుడూ పారెయ్యదు.

సర్టిఫికెట్ వాటిలో దాచిందేమోనని ఒక్కొక్కటే దులుపుతుంటే ఒక పేజీ కంటబడింది. "నర్సుగారి పాప, రెండేళ్ళు. ఛాతీ ఇరవై. పొడవు పదహారు. కుడి భుజం పావు అంగుళం కిందికి." దాని కిందే మూడేళ్ళ కొలతలు, మళ్ళీ అదే భుజం. తర్వాతి పేజీ పైన "మన పాప" అని ఉంది. అది నేను. నా కొలతలు నాలుగో ఏట మొదలయ్యాయి. కుడి భుజం పావు అంగుళం కిందికి.

బట్టలు కుట్టే మనిషి సొంత కూతురికి నాలుగేళ్ళు వచ్చేదాకా కొలత తీసుకోదా?

"పెద్దమ్మా, ఈ నర్సుగారి పాప ఎవరు?"

సూది ఆగింది. "భుజం వంకర పిల్లవి లోకంలో నువ్వొక్కదానివేనా? మూసెయ్ ఆ పుస్తకం."

"నేను భుజం సంగతి అడగలేదు పెద్దమ్మా."

పెద్దమ్మ నాలుక కరుచుకుంది.

అమ్మ వచ్చేసరికి ఆ పేజీ తెరిచి మిషను సూది కింద పెట్టాను. దాన్ని తియ్యకుండా ఇక కుట్టడం కుదరదు. అమ్మ పుస్తకాన్ని చూసి, పెద్దమ్మ వైపు తిరిగింది.

"నన్ను చూడకు. చెప్పినంత పని చేశాను గానీ, చెప్పలేదు," అంది పెద్దమ్మ.

అమ్మ స్టూలు మీద కూలబడింది. "నర్సుగారు ఏదో చదువు కోసం వేరే ఊరు వెళ్తూ, రెండు నెలలు చూడమని నిన్ను నాకు అప్పగించింది. ఏడాదికి గానీ రాలేదు. వచ్చిన రోజు నువ్వు మిషను కింద దూరి, నా కాళ్ళు పట్టుకుని రానన్నావు. 'వెళ్ళమ్మా, ఆవిడే మీ అమ్మ' అని నేనొక్క మాట అంటే వెళ్ళేదానివి. అనలేదు. ఆవిడ చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే కొట్టు ఈ ఊరికి మార్చేశాను."

"సర్టిఫికెట్ ఆవిడ దగ్గరుందా?"

"ఉంటుంది. రైలుగేటు అవతల ఆసుపత్రిలో, ఇంజక్షన్ల గదిలో చేస్తోందిప్పుడు. కాగితం అడిగితే నిన్నూ అడుగుతుందని..."

జ్వరమొచ్చినా నన్ను ఆ ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదో అప్పుడు తెలిసింది. కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ మింగాను.

"రేపు పొద్దున్న నేను వెళ్తాను."

"నేనూ వస్తానే."

"వద్దమ్మా. నువ్వొస్తే మీరిద్దరే మాట్లాడుకుంటారు. నేను మళ్ళీ మిషను కిందే ఉండిపోతాను."

అడగాల్సిన మాటలు డైరీలో మూడుసార్లు రాసుకుని వెళ్ళాను. ఇంజక్షన్ల గది ముందు వరస కదులుతున్నకొద్దీ కాళ్ళు వెనక్కి లాగాయి. అయినా వరస తప్పలేదు.

"చెయ్యి చాపమ్మా," అంది నర్సుగారు తలెత్తకుండా.

"ఇంజక్షన్‌కి కాదండీ. మీరు టైలరమ్మ దగ్గర వదిలిన పాపని."

ఆవిడ తలెత్తి చూసి, చేతిలోని ట్రే పక్కన పెట్టేసింది. "నేను మళ్ళీ వచ్చానమ్మా. కొట్టుకి తాళం వేసుంది. ఊరంతా..."

"అదంతా వింటానండీ. ముందు నా సర్టిఫికెట్ ఇవ్వండి. రేపే ఆఖరు రోజు."

ఆవిడ నన్నే చూస్తూ కళ్ళు తుడుచుకుంది. "ఇంత మొండిదానివి, ఆరోజు వస్తావని ఎలా అనుకున్నానో!"

ఆసుపత్రి వెనకే ఉన్న తన క్వార్టర్‌కి వెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో తల్లి పేరు ఆవిడది. నా పేరు నేనెప్పుడూ విననిది.

"మళ్ళీ వస్తావా?"

"ఆదివారం వస్తాను. అమ్మకి చెప్పే వస్తాను."

అమ్మ అన్న మాటకి ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను మాట మార్చలేదు.

శుక్రవారం అమ్మ నాతో బడికి వచ్చింది. సర్టిఫికెట్‌లో ఉన్నట్టే పేర్లు రాయాలన్నాడు గుమస్తా. తల్లి పేరు దగ్గర నర్సుగారి పేరు రాశాను. సంరక్షకుల గడి చూపించి పెన్ను అమ్మకిచ్చాను.

"ఇక నిన్ను ఈ కొత్త పేరుతో పిలవాలా?" అంది అమ్మ.

"పరీక్ష హాల్లో పిలిస్తే పలుకుతాను. ఆవిడ పిలిచినా పలుకుతాను. నువ్వు పిలిస్తే మాత్రం ఊరుకోను."

అమ్మ సంతకం పెట్టింది. గుమస్తా ఫారం మీద ముద్ర కొట్టి, తర్వాతివాళ్ళని రమ్మన్నాడు.