జీజీ లేని ఆట

కీబోర్డును బోర్లించి వీపు మీద నాలుగు చరిస్తే బిస్కెట్ పొడి, వెంట్రుకలు, ఎవరిదో గోరుముక్క రాలాయి. ప్యో జోంగ్‌మన్ వాటిని తడిగుడ్డతో పోగుచేసి పక్క సీటుకు జరిగాడు. ఇంచన్ నగరంలో, జువాన్ రైల్వే స్టేషన్ వెనక, నేలమాళిగలో ఉన్న ఆ గేమింగ్ సెంటరులో అరవై కంప్యూటర్లు. పొద్దున వాటిని తుడవడం, తర్వాత వంటగదిలో ఆడేవాళ్ళకు రామెన్ నూడుల్స్ ఉడికించడం అతని పని. నలభై అయిదేళ్ళు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. వేళ్ళు మాత్రం సన్నగా, పొడుగ్గా, ఈ ఒంటివి కానట్టు ఉంటాయి.

'ఉక్కుకోట' రెండో భాగం విడుదలై అది మూడో రోజు. పాతికేళ్ళు ఎదురుచూసిన ఆట. మొదటిరోజు జనం మెట్ల మీద నిలబడ్డారు. ఈరోజు లోపల నలుగురున్నారు, అందులో ఒకాయన నిద్రపోతున్నాడు.

"ఇదేం ఆటయ్యా వంటాయనా!" టాక్సీ డ్రైవర్ గుక్ హెడ్‌ఫోన్ లాగి మెడలో వేసుకున్నాడు. "నేను చెయ్యి పెట్టకముందే కూలోళ్ళు పొలం దున్నేస్తున్నారు, గోడలు కట్టేస్తున్నారు. యుద్ధానికీ వాళ్ళే పోతున్నారు. మరి నేనెందుకిక్కడ, చప్పట్లు కొట్టడానికా?"

"కొత్త కదండీ. అలవాటవుతుంది."

"అలవాటవుతుంది, నా తద్దినం! రెండు గుడ్లేసి ఒక రామెన్ పెట్టు."

జోంగ్‌మన్ పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. అతనూ మొదటిరోజే ఆడి చూశాడు. ఇది ఆ పాత ఆట కాదని అయిదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. కోపం వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాడు. రాలేదు. ఏడుపూ రాలేదు. లేచి గిన్నెలు కడుక్కున్నాడు.

ఇరవై ఏళ్ళప్పుడు అతను 'ఉక్కుకోట' మొదటి భాగం పోటీలు ఆడే ఒక జట్టులో ఉండేవాడు. టీవీలో కనిపించే ఆటగాడిగా కాదులెండి, ఒక్కసారి అతని మోచెయ్యి మాత్రం కనిపించింది. అతని పని సాధనకు సాయపడటం. రేపు జట్టువాళ్ళు ఎవరితో తలపడతారో వాడిలాగా ఇవాళ ఆడాలి, ఆడి ఓడిపోవాలి. పన్నెండుమంది పడుకునే గదిలో, రోజుకు పద్నాలుగు గంటలు, రెండున్నరేళ్ళు ఓడిపోయాడు. ఓడిన ప్రతిసారీ జీజీ అని రెండక్షరాలు కొట్టేవాడు. బాగా ఆడావు, ఒప్పుకున్నాను అని దాని అర్థం. అది కొట్టకుండా లేచిపోయినవాడిని ఆ గదిలో మనిషిగా చూసేవారు కాదు. ఎదుటివాడు జీజీ అనే అవకాశం ఇవ్వకుండా చివరి ఇంటిదాకా తగలబెట్టేవాడిని అంతకన్నా నీచంగా చూసేవారు.

అతని జీజీలు ఎక్కువగా జట్టులో తనకన్నా పెద్దవాడైన బ్యోన్ సాంగ్‌దోకే పోయాయి. సాంగ్‌దో జట్టు విడిచి గాజు తలుపులు బిగించే పనిలో చేరాడు. ఇప్పుడు సువాన్‌లో ఒక ఆసుపత్రిలో, మందులు ఆపేసినవాళ్ళ వార్డులో ఉన్నాడు. ఊపిరితిత్తులు.

పదకొండింటికి అతనే ఫోన్ చేశాడు.

"ఏరా వంటోడా, బతికే ఉన్నావా?" గొంతు కీచుగా వచ్చింది.

"నేను అడగాల్సిన మాట నువ్వడుగుతావేంటన్నా."

"లాప్‌టాప్ పెట్టించుకున్నా. రెండింటికి ఆన్‌లైన్‌లోకి రా, ఆడదాం. చెత్త ఆటేలే, తెలుసు. ఆటలో మాటలు రాసుకునే పెట్టె కూడా పీకేశారట కదరా, వెధవలు! ఇక జీజీ ఎక్కడ కొట్టాలి?"

"తెల్లజెండా బొమ్మ పెట్టారన్నా. నొక్కితే చాలంట."

"జెండా నువ్వు నొక్కుకో. నేను జీజీ అని ఫోన్లో మెసేజ్ కొడతా." దగ్గు వచ్చి ఆగాడు. "జోంగ్‌మన్, ఈసారి ఇంకొకడిలా ఆడకు. నీలా ఆడు. నా చేత ఒక్కసారి జీజీ అనిపించరా."

"చూద్దాంలే అన్నా," అన్నాడు. ఫోన్ పెట్టేశాక గరిటె ఎక్కడ పెట్టాడో గుర్తురాలేదు. తనలా ఆడటమంటే ఎలాగో అతనికి తెలియదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

రెండింటికి ఏప్రన్ విప్పకుండానే వంటగది పక్క సీటులో కూర్చున్నాడు. తెర మీద సాంగ్‌దో పేరు వెలిగింది. కూలీలు వాళ్ళంతట వాళ్ళే కట్టెలు మోస్తున్నారు, ఇళ్ళు వరసగా లేస్తున్నాయి. జోంగ్‌మన్ ఆటలోని సాయాలన్నీ ఆపేసి, ప్రతి మనిషినీ తన చేత్తోనే నడిపించాడు. మణికట్టు సలిపింది. అరగంటకు నది దాటి, సాంగ్‌దో కోట తలుపు ముందు నలభై మంది గుర్రపు సైనికులను నిలబెట్టాడు.

ఇక అన్న ఒప్పుకోవాలి. ఫోన్ వైపు చూశాడు. సందేశం లేదు. అవతల గోడ మాత్రం రాయి రాయిగా లేస్తూనే ఉంది.

"కొట్టవయ్యా, నిలబడ్డావేం?" గుక్ వెనక నుంచి తొంగిచూశాడు.

"ఆయన ఇంకా ఆడుతున్నాడండీ. మొండివాడు."

పది నిమిషాలు ఆగాడు. రెండు రామెన్లు వండి ఇచ్చి వచ్చాడు. గోడ ఇంకా లేస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది. సాంగ్‌దో భార్య హ్యేరాన్.

"తమ్ముడూ, ఆయన వెళ్ళిపోయారు."

"ఎప్పుడు వదినా?"

"తెలీదు. నేను పక్కనే ఉన్నా. తెర మీద మనుషులు తిరుగుతుంటే ఆడుతున్నారనుకున్నా. కదిలిస్తే విసుక్కుంటారని పిలవనే లేదు. నర్సు వచ్చి చూసి, చాలాసేపైందంది." ఆమె గొంతులో ఏడుపు ఇంకా రాలేదు. "ఇది ఎలా ఆపాలి తమ్ముడూ? ఇంకా ఏదో కడుతూనే ఉన్నారు. చూడలేకపోతున్నా."

జోంగ్‌మన్ ఏప్రన్‌కు చెయ్యి తుడుచుకున్నాడు. చెయ్యి తడిగా లేదు.

"కింద కుడివైపు తెల్లజెండా ఉంటుంది వదినా. నొక్కండి."

"ఇదేనా?"

"అదే."

అతని తెర బంగారు రంగుకు మారింది. ప్రత్యర్థి ఓటమి అంగీకరించాడు, విజయం మీదే అని అక్షరాలు పడ్డాయి. గుక్ భుజం మీద చరిచి, "శభాష్!" అన్నాడు.

"వస్తున్నా వదినా," అని జోంగ్‌మన్ పొయ్యి కట్టేసి, కోటు తొడుక్కుని మెట్లెక్కాడు. కంప్యూటర్ కట్టేయలేదు.

ఆట ముగిసేదాకా ఎదుటివాడి ఊరిని కప్పి ఉంచే పొగమంచు తొలగి, అవతలి ఊరంతా తెర మీద బయటపడింది. ఇళ్ళు, కొట్లు, గోడలు అన్నీ యంత్రం పేర్చిన వరసల్లో నిటారుగా ఉన్నాయి. దూరంగా, దారీ శత్రువూ లేని ఒక మూల, వంకరగా, మనిషి చేత్తో పెట్టిన కావలిమంచె ఒకటి ఉంది.