'తుప్పు'కి నేను రాసిన ముందుమాట

నేను మెట్లెక్కుతున్న కొద్దీ మేడ మీది గది నాకంటే ముందు పైకి జరుగుతోంది, అయినా ఎలాగో దాన్ని అందుకుంటాను, తలుపు తోసేసరికి మా మరిది సింహాద్రి స్టూలు మీద నిలబడి గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికిస్తున్నాడు. అతను పోయి ఆరేళ్లయిందని నాకు తెలుసు, అతనికీ తెలుసు, ఆ సంగతి ఎత్తడానికి ఇద్దరికీ తొందర లేదు. గది విశాఖపట్నంలో మేం అందరం కలిసి అద్దెకున్న ఇంటిదే, కానీ కిటికీలోంచి సముద్రానికి బదులు నా పాత వంటిల్లు కనిపిస్తోంది, అక్కడ నా చీర కట్టుకున్న ఎవరో తాలింపు వేస్తున్నారు, ఆవాలు ఎగిరి పడుతున్నాయి, చిటపట మాత్రం వినపడదు.

"చప్పుడు బయటికి పోకుండానా ఈ అట్టలు?" అని అడుగుతాను.

"బయటిది లోపలికి రాకుండా," అంటాడు వెనక్కి తిరక్కుండానే. "నువ్వు కింద రోట్లో నూరుతుంటే నా రికార్డింగులో గోంగూర పడిపోతోంది వదినా."

నవ్వుతాను, నవ్వుతూనే ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని కాచుకుని ఉంటాను, ఎందుకంటే అతను స్టూలు దిగాడు, చేతికంటిన జిగురు లుంగీకి తుడుచుకున్నాడు, నాకోసం చాప పరుస్తున్నాడు, మనిషిని కూర్చోబెట్టి అడగాల్సిన మాటేదో అతని దగ్గర ఉంది.

అతనూ, పోర్టులో అతనితో పాటు పనిచేసే ఇంతియాజూ కలిసి రెండేళ్లు ఈ గదిలోనే కూర్చుని చేసిన ఆల్బమ్ పేరు 'తుప్పు'. వాళ్ల జట్టు పేరు 'జంట స్విచ్'. కీబోర్డు, కంప్యూటరు, క్రేన్ల కీచులు, పొగమంచులో ఓడల కూతలు, ఉప్పుగాలికి మా గేటు చేసే మూలుగు, ఇవన్నీ కలిపి ఎనిమిది ట్రాకులు. సీడీ అచ్చుకి వెళ్లేముందు సింహాద్రి వంటింటి గుమ్మంలో నిలబడి, 'ఊళ్లో ఎవరి కథల పుస్తకమొచ్చినా నీ ముందుమాట ఉంటుంది, మాకూ ఒకటి రాసిపెట్టు వదినా' అన్నాడు, పాటలన్నీ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఉప్పుడబ్బా పక్కన పెట్టాడు. నేను అరగంటలో రాసి ఇచ్చేశాను. పెన్‌డ్రైవ్ మాత్రం ఉప్పుడబ్బా పక్కనే ఉండిపోయింది.

"ఏటి వదినా, ఎలా ఉంది మా ఆల్బమ్?" అంటాడు ఇప్పుడు, చాప మీద నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని.

చచ్చిపోయినవాడి దగ్గర కూడా నా నోట అబద్ధమే ముందు వస్తుంది. "చాలా బాగుంది. ముఖ్యంగా మూడోది."

"మూడోదా?"

"నాలుగోది కూడా."

అతను తలూపుతాడు, బతికున్నప్పుడు కూర బాగా కుదరకపోయినా బాగుందని తలూపినట్టే, అప్పటికే మా కింద చాప పొడుగవుతూ పోయి ఏదో హాల్లో నేల మీది తివాచీ అయింది, గుడ్ల అట్టల గుంటలన్నీ కుర్చీలయ్యాయి, కుర్చీల నిండా మనుషులు, నా చేతిలో మైకు, ఎదురుగా దండ వేసిన సింహాద్రి ఫోటో, ఆ ఫోటో కిందే మొదటి వరసలో సింహాద్రి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"చదువు," అంటాడు అక్కణ్ణుంచి. "ఆ రోజు చదివిందే చదువు."

చదవనంటాను. కానీ కాగితం నా చేతిలో ఉంది, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. "'ఈ పాటల్లో సాహిత్యం తేనెలా ఊరుతుంది. ప్రతి పల్లవిలోనూ మన మట్టివాసన ఉంది. గాయకుల గొంతులోని ఆర్ద్రత శ్రోతని కంటతడి పెట్టిస్తుంది...'"

"మొత్తం ఎన్ని మాటలున్నాయి వదినా మా పాటల్లో?"

"ఒక్కటీ లేదు," అంటాను.

"అన్యాయంగా చెప్పకు. అయిదో ట్రాకులో ఇంతియాజ్ తుమ్మాడు. తీసెయ్యమన్నాను, తాళానికి సరిగ్గా పడింది ఉంచేద్దామన్నాడు. నీ ఆర్ద్రత గల గాయకుడు వాడే."

హాలంతా నవ్వుతుందేమోనని తల ఎత్తి చూస్తాను, ఎవరూ నవ్వరు, ఆ రోజూ ఎవరూ నవ్వలేదు. అతని సంతాపసభలో, గుండె ఆగి నలభై ఒక్క ఏళ్లకే పోయిన మనిషి ఫోటో ముందు, అప్పటికీ వినని నేను మళ్లీ ఆ కాగితమే గొంతు వణికిస్తూ చదివాను, వాళ్ల ఆల్బమ్ విన్న కుర్రాళ్లందరూ తలలు దించుకున్నారు, దుఃఖంతో అనుకుని ఇంకొంచెం వణికించాను. సభ అయ్యాక ఇంతియాజ్ నన్ను పక్కకి పిలిచి, 'తప్పుగా అనుకోకండి, వాటిలో పాటలు లేవు వదినా, అసలు ఎవరూ పాడలేదు' అని నాకంటే ఎక్కువగా తనే సిగ్గుపడుతూ చెప్పాడు. ఆ తర్వాత వినడానికి ఇక ముఖం చెల్లలేదు.

"వినలేదు సింహాద్రీ," అంటాను, మైకులో కాదు, మైకు ఎప్పుడో నీళ్ల చెంబయింది, మేం మళ్లీ గదిలో ఉన్నాం, కిటికీ అవతల వంటింట్లో ఆ మనిషి గిన్నెలు తోముకుంటోంది. "ఒక్కటీ వినలేదు. అప్పుడూ వినలేదు, ఇప్పటిదాకా కూడా."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కాగితం ఇచ్చిన రోజు నుంచే. పల్లవి అన్న మాట చూడగానే ఇంతియాజ్ నేల మీద దొర్లి దొర్లి నవ్వాడు. మార్పిద్దాం అన్నాడు. వదిన రాసింది, అక్షరం కదపడానికి లేదన్నాను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఏమని? పుస్తకాలకైతే మొదటి కథా, చివరి కథా అయినా చదివి రాస్తావు, మాకు ఆపాటి కూడా చెయ్యలేదేమని అడగనా?"

నా ముందుమాటల రహస్యం ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను ఇన్నాళ్లూ. చీర కొంగు వేలికి చుట్టుకుంటాను, విప్పుతాను. "పుస్తకమైతే మధ్యలో తెరిచి ఒక పేజీ చూడొచ్చు. ఇదెక్కడ తెరవాలో నాకు తెలియలేదు," అంటాను, అంటున్నప్పుడే అది ఎంత చిన్న మాటో తెలుస్తుంది. "అదీ కాదు. మేడ మీద మీరు చేసేది సంగీతమని నేను అనుకోలేదు. ఉద్యోగం నుంచి వచ్చి ఇద్దరు మగాళ్లు స్విచ్చులతో ఆడుకుంటున్నారనుకున్నాను."

అతనికి కోపం వస్తే బాగుండునని చూస్తాను. రాదు. మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లు తీసి, నా జడ పక్కకి జరిపి, చిన్నపిల్లకి పెట్టినట్టు నా చెవులకి పెడతాడు. ఏవో మీటలు తిప్పుతాడు, ఎర్రదీపం వెలుగుతుంది, అతని వేలు గాలిలో తాళం వేస్తుంది, మొదలైనట్టుంది. నేను ఊపిరి బిగబట్టి వింటాను. చెవుల్లో ఏమీ లేదు.

"వినపడటం లేదు. పెంచు."

"పెంచే ఉంది."

"ఏమీ లేదు సింహాద్రీ ఇందులో!"

"నువ్వెప్పుడూ విననిది నీ కలలోకి నేనెక్కణ్ణుంచి తెస్తాను వదినా?" అంటాడు, మెల్లగా, నా మీద జాలిపడుతున్నట్టు.

హెడ్‌ఫోన్లు తియ్యబోతే రావు. అతను మళ్లీ స్టూలెక్కాడు, అట్టలు అతికిస్తూ చెబుతున్నాడు, రెండోసారి సీడీలు వేయించినప్పుడు ముందుమాట పేజీ ఖాళీగా వదిలేయమన్నాడట, ఏదో ఒక రోజు నేను విని, పరుగున మేడెక్కి, 'ఒరే, నా పరువు తీశావు కదరా, ఆ కాగితం పీకి పారెయ్, మళ్లీ రాస్తాను' అని తిడతానని.

"తిడతానని ఎదురు చూశావా?"

"తిట్టావంటే విన్నట్టే కదా."

"ఇప్పుడు రాస్తాను," అంటాను, లేచి అతని స్టూలు పట్టుకుంటాను. "ఆ ఖాళీ పేజీకి సరైనది రాస్తాను, ఇంతియాజ్‌కి ఇస్తాను, ఈ సాయంత్రానికల్లా రాసేస్తాను."

"వద్దు," అంటాడు. మొదటిసారి నా కళ్లలోకి చూస్తాడు. "రాయడం నీకు చాలా తేలిక వదినా."

ఇంకా ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి, అట్టలు ఆఖరి మూల దాకా వచ్చేశాయి, అతని గొంతు వాటిలోకి ఇంకిపోతోంది, "గట్టిగా చెప్పు" అని నేను అరుస్తాను, నా అరుపు కూడా నాకు వినపడదు.

నాలుగింటి ఎండ మంచం మీద పడుతుంటే మెలకువ వచ్చింది. హాల్లో ఫ్యాను కిర్రుమంటోంది. మా ఆయన కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి నా వైపు వింతగా చూస్తున్నారు.

"చెంప మీద ఏమిటా గీతలు?" అన్నారు.

తడుముకున్నాను. తాడు అచ్చు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, మధ్యలో ముడి గుంట. బొబ్బిలి నుంచి ఎవరో అమ్మాయి పంపిన కథల కట్ట మీద తల పెట్టి నిద్రపోయాను. పురికొస ఆమె కట్టి పంపినట్టే ఉంది. పక్కన ప్యాడ్ మీద నా చేతిరాతలో ముందుమాట, కింద సంతకం కూడా పెట్టేసి.

"చదవలేదండీ," అన్నాను. "చదవకుండానే రాసేశాను."

ఆయనకి అర్థం కాలేదు. నేను కట్ట ఒళ్లోకి తీసుకుని, ముడి దగ్గర గోరు పెట్టాను.