ఏసోబుగారి అల్నా

అనాటమీ హాలు సాగి సాగి చివరికి కాలువ గట్టైపోతోంది, స్టీలు బల్లల కింద నీళ్లు పారుతున్నా ఎవరి కాళ్లూ తడవడం లేదు, ఆ కొసన ఖాకీ చొక్కా చేతులు మడిచి ఏసోబుగారు ఎముకల్ని బ్రష్షుతో తోముతూ కూర్చున్నారు. ముప్పై ఏళ్లు, నేను చదువుకుని ఇప్పుడు పాఠాలు చెబుతున్న మా మెడికల్ కాలేజీలో అటెండరుగా ఎముకలు శుభ్రం చేసి, పోతూ పోతూ తన దేహాన్ని కూడా మాకే రాసిచ్చిన మనిషి. ఆయన పోయి రెండేళ్లయిందని నాకు తెలుసు, అయినా ఆశ్చర్యం వేయదు, హాయిగా పక్కన చతికిలబడతాను.

"డాట్రమ్మా, అందరి ఎముకలూ బల్లల మీదున్నయ్. నా ముంజేతి ఎముకొక్కటే బీరువాలో పెట్టి తాళమేశావేందమ్మా?"

నాకు సిగ్గేస్తుంది. "పిల్లలు కింద పడేస్తారేమోనని, ఏసోబుగారూ. మీది వాళ్ల చేతికివ్వడానికి నాకు మనసొప్పదు."

"మరి నేనిచ్చింది దాచుకోటానికా? పొద్దున పరీక్షంటగా!"

ఎప్పుడు తీశారో, ఆ ముంజేతి ఎముక, అల్నా, ఆయన చేతిలోనే ఉంది, సైకిలు మీంచి పడి విరిగి వంకరగా అతుక్కున్న చోట నున్నగా మెరుస్తోంది, ఆయన ముంజేయి కూడా నిండుగానే ఉంది, అదెలాగని నేను అడగను. ఎముక నాకు అందిస్తారు. అందుకోగానే మొదటి సంవత్సరం పిల్లనైపోయి, గుండ్రటి కొసను తల అంటారు కదా, తలంటే పైనే ఉంటుందనుకుని దాన్ని తలకిందులుగా పట్టుకుంటాను. ఆనాటి పరీక్షలోనూ ఇదే తప్పు చేశాను. ఎగ్జామినరు నోరు తెరిచేలోపు ఆయన వెనకాల నిలబడ్డ ఏసోబుగారు మోచెయ్యి బరబరా గోక్కున్నారు, నేను మోచేతి వైపుండే కొక్కెంలాంటి కొసను చప్పున పైకి తిప్పి గట్టెక్కాను.

"ఆ రోజు మీకు థాంక్స్ కూడా చెప్పలేదు."

"దోమ కుట్టింది లేమ్మా," అని కిసుక్కున నవ్వుతారు. "ఊఁ, ఇప్పుడు చెప్పు."

"కొక్కెం పైకి, దాని నోరు ముందుకి, పదునైన అంచు బొటనవేలి వైపు. ఎడమ చేతిది."

"తలేదీ?"

"కింద. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు."

"పట్టుకో మరి." ఎడమ చెయ్యి చాపుతారు. ఆ గుండ్రటి బుడిపె మీద బొటనవేలు ఆనిస్తాను, వెచ్చగా ఉంది. "ఆ వంకర గూడా చూపించు. విరిగింది అతుక్కుద్దని పిల్లలకి తెలవాలిగా. పడేస్తే పడేశారు, ఇంకా నాకు నెప్పేంది?"

ఏడుపొస్తుందనుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వుకే మెలకువ వస్తుంది.

తెల్లవారింది. నా కుడి బొటనవేలు నా ఎడమ మణికట్టు బుడిపెను నొక్కిపట్టి ఉంది, ఎంతసేపటి నుంచో ఏమో, అక్కడ ఎర్రగా కమిలింది. తొమ్మిదింటికి పిల్లలకి పరీక్ష, ఈలోపు బీరువా తాళం తీయాలి. మొదటి బల్ల ఏసోబుగారిది.