మార్కండేయ చెప్పిన ఊట

గద్వాలలో సలేశ్వరం పోవాలనుకున్న వాళ్లు ముందు పంచాంగం చూడరు, మార్కండేయ ఇంటికి వస్తారు. చైత్ర పున్నమికి నల్లమలలో జాతర. ఏడు రోజుల నడక. కృష్ణను పుట్టిలో దాటి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు, అక్కడినుంచి అచ్చంపేట, ఆ పైన అంతా అడవి. రైలు వచ్చి పదేళ్లు దాటినా, సలేశ్వరం లింగమయ్య దగ్గరికి కొంత దూరమైనా రైలెక్కి పోతే మొక్కు చెల్లదని అందరి నమ్మకం. ఏ ఊళ్లో పడుకోవాలి, ఎన్ని రొట్టెలు కాల్చుకోవాలి, చెప్పులకు ఎంత మందం అడుగు వేయించాలి, అన్నీ మార్కండేయే చెబుతాడు. ఇరవై రెండేళ్ల కింద ఒక్కసారి పోయివచ్చిన మనిషి, అప్పటినుంచి మగ్గం గుంతలో కూర్చునే ఊరందరినీ పంపుతున్నాడు. నువ్వెందుకు పోవంటే మోకాలు చూపిస్తాడు. ఆ మోకాలికి నొప్పి చైత్రంలోనే వస్తుందని భార్య కౌసల్యమ్మ ఎప్పుడూ గమనించలేదు పాపం.

ఆయన చెప్పేవాటిలో అందరికీ ఇష్టమైనది ఊట కథ. అడవిలో చివరి చెరువు దాటాక లోయ అంచుదాకా ఒక పూట నడక ఉంది. మోదుగు చెట్లు, కాలిన గడ్డి, బండలు, గుండ్రాళ్లు, అంతే. లోయ దిగితే జలపాతం ఉంది, కావలసినన్ని నీళ్లు. దిగేదాకానే కష్టం. ఆ దారిలో ఏనుగంత గుండు కింద బొటనవేలంత ధారగా ఊట వస్తుందని, దోసిలి పడితే కొబ్బరినీళ్లలా తియ్యగా ఉంటాయని మార్కండేయ చెప్పేవాడు. వింటున్నవాళ్లు గుటక వేసేవారు.

అక్కడ ఊట లేదు. మార్కండేయ లోయ దిగనూ లేదు. ఆ ఏడు అంచు దగ్గర నిలబడి కిందికి చూడగానే ఆయన వెనక్కి జరిగాడు. తోడుగా వచ్చింది అన్న జంగయ్య ఒక్కడే, ఆయన చెయ్యి పట్టి లాగినా కదలలేదు. అన్న దిగిపోతే, ఏనుగంత గుండు నీడలో పొద్దు వాలేదాకా ఒక్కడే కూర్చున్నాడు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. నాలుక అంగిలికి అంటుకుపోయి, ఆ గుండు కింద నీళ్ల చప్పుడు వింటున్నట్టే అనిపించింది. చేతులతో మట్టి తవ్వి చూశాడు కూడా. ఇంటికొచ్చాక నలుగురూ ఎట్లా ఉందని అడిగితే, దిగలేదని చెప్పడానికి నోరు రాక, ఎక్కడ దప్పికతో చచ్చిపోతాననుకున్నాడో తన కథలో అక్కడే నీళ్లు పెట్టాడు. నిజం తెలిసిన అన్న రెండేళ్లకే గత్తర జబ్బొచ్చి పోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక ఏడు పోయివచ్చినవాళ్లు, "ఎంత దేవులాడినా ఊట కనబడలె" అన్నారు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది మార్కండేయ పని. అప్పుడు నోటికొచ్చిన మాట అనేశాడు. "పాపం జేసినోళ్లకు గా ఊట కనబడదు." కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ ఏటినుంచి పోయినవాళ్లందరికీ ఊట కనబడింది. ఒక్కరికీ కనబడకుండా పోలేదు.

ఈ ఏడు పదకొండు మంది తయారయ్యారు. అందులో మార్కండేయ కూతురు యాదమ్మ ఒకతె. ఇద్దరు పిల్లలు నెల తిరక్కుండానే పోయాక నిలిచిన బిడ్డ లింగమ్మ. పది నెలల పిల్ల. ఏడాది నిండేలోపు చంకనెత్తుకుని నడిచి వస్తానని యాదమ్మ మొక్కుకుంది. మొక్కు సంగతి అందరికీ తెలుసు. ఇంకో సంగతి తల్లికి మాత్రమే చెప్పింది. అత్తగారి వాడకట్టులో ఆడవాళ్లు ఆమెను చూసి గొంతు తగ్గించి, ఏ జన్మలో ఏం చేసిందో అంటున్నారట. ఆ ఊట ఒక్కసారి కళ్లారా చూస్తే చాలునట.

ఉగాది మర్నాడు పొద్దున్నే మార్కండేయ వాకిట్లో అందరూ చేరారు. పేలపిండి ఎవరు దంచాలి, ఉల్లిగడ్డ, కారం ఎవరు తేవాలి అన్నీ తేలిపోయాయి. మిగిలింది నీళ్ల బుర్రలు. ఎండిన సొరకాయ బుర్ర, నిండా నీళ్లు పోస్తే భుజం ఒరుసుకుపోయే బరువు.

"ఇద్దరికి ఒకటి సాలు," అంది కౌసల్యమ్మ. "ఊట ఉన్నంక గీ బరువంత ఏందికి? యాదమ్మ పిల్లను మోస్తది, దానికి బుర్ర వద్దే వద్దు."

ఇన్నేళ్లూ అందరూ నోటితో ఊట గురించి చెప్పుకున్నా, భుజానికి మాత్రం బుర్ర తగిలించుకునే పోయారు. అబద్ధాన్ని నమ్మి బరువు దించుకున్నది ఇదే మొదలు, అదీ మార్కండేయ ఇంట్లోనే.

"వద్దు. మనిషికి రెండు పట్టుకోన్రి. ఈ ఏడు వానలు సరిగ లేవు, ఊట ఎండిపోయి ఉంటది," అన్నాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న కురుమూర్తి నవ్వాడు. మార్కండేయ మగ్గం మీద పక్కన కూర్చుని అంచు నేసేది అతనే. "ఏంది మామా, నువ్వే గిట్లంటవు? నిరుడు నేను కడుపునిండ తాగొచ్చిన గద. నిరుడు గూడ వానలు లేవు."

అందరూ తలలూపారు. ఇద్దరికొక బుర్ర ఖాయమైంది.

మర్నాడు ఇద్దరూ మగ్గం దగ్గర కూర్చున్నారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట ఒక్కడి వల్ల కాదు. ఒకడు ఒళ్లు నేస్తుంటే పక్కన ఇంకొకడు అంచు పోగు మోసే నాడె విసరాలి. పోగు పోగు పట్టుకుని లంకె పడాలి. అంత దగ్గర కూర్చున్న మనిషిని అడగడానికి మార్కండేయకు సగం పూట పట్టింది.

"ఆ ఊట యాడుంది కురుమూర్తీ?"

"ఏనుగంత గుండు కింద. బొటనవేలంత ధార. కొబ్బరినీళ్ల లెక్క..."

తన మాటలే, ఒక్క అక్షరం తేడా లేకుండా. మార్కండేయ ఒక్క క్షణం ఆశపడ్డాడు, నిజంగానే ఉందేమోనని. అబద్ధమాడినవాడికి ఆ ఆశ కంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉండదు. నాడె పక్కన పెట్టి, "నేను లోయల దిగలె," అన్నాడు. "ఊట లేదు. నేను పుట్టించిన."

కురుమూర్తి కూడా నాడె దించాడు.

"మేం పొద్దు నెత్తిమీదికొచ్చేదాక దేవులాడినం మామా," అన్నాడు. "చెంచోళ్లను అడిగినం. గసుంటి ఊట మా తాతలు గూడ చూడలేదన్నరు. బుర్రల నీళ్లు అయిపోయినయి, మా అమ్మ నాలుక పిడచకట్టి పడిపోయింది. ఎనుక వచ్చినోళ్లు ఎవరో నాలుగు గుక్కలు పోస్తే బతికింది. ఇంటికొచ్చి కనబడలేదని ఎట్ల జెప్పాలె? పెండ్లయి ఎనిమిదేండ్లాయె, నాకు పిల్లల్లేరు. అడుగో పాపాత్ముడు, అందుకే లేరంటరు."

"రేపు అందరి ముందట నేను జెప్త. నువ్వు గూడ జెప్పు."

"నువ్వు జెప్పితే అబద్ధం జెప్పిన పెద్దమనిషివైతవు, అంతే. నాలుగు దినాలకు మర్చిపోతరు. నేను జెప్పితే పాపాత్ముణ్ని అయిత. అది మర్చిపోరు." కురుమూర్తి నాడె తీసుకున్నాడు. "నన్ను బలవంతపెట్టకు మామా."

మార్కండేయకు కోపం రాలేదు. రావడానికి మొహమేదీ? ఆ భయం కురుమూర్తి ఇంట్లో పుట్టింది కాదు, తన నోట పుట్టింది.

మూడోనాడు మూటలు కట్టుకోవడానికి అందరూ వాకిట్లో కూడారు. తెల్లారితే ప్రయాణం. యాదమ్మ పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఎర్రగుడ్డతో దానికి టోపీ కుడుతోంది. మార్కండేయ మధ్యలో నిలబడ్డాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివరినుంచి మొదలుపెట్టాడు.

"ఊట లేదు. నేను అబద్ధం జెప్పిన. ఆ ఏడు నేను లోయల దిగలె, పైన్నే కూసున్న. దిగనీకె బయమైంది. మీరు జర నా మాటినండ్రి, మనిషికి రెండు బుర్రలు మోయండ్రి."

కౌసల్యమ్మ మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏందయ్యా, జరమొచ్చిందా? ఇరవై రెండేండ్ల సంది జెప్పుతున్నవు, ఇయ్యాల లేదంటే లేకపోతదా?"

"నేను నాలుగుసార్లు తాగిన," అంది తిమ్మమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి, మగ్గానికి నూలు ఆసులు పోయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. పాపపుణ్యాల తీర్పు వాడకట్టు తరఫున ఆమే చెబుతుంది. "కురుమూర్తి, నువ్వు జెప్పు. నిరుడు తాగినవా, లేదా?"

మార్కండేయ కురుమూర్తిని చూశాడు. కురుమూర్తి మార్కండేయను చూడలేదు. పక్కన కూర్చున్న భార్యను చూసి, తల దించుకుని, "తాగిన," అన్నాడు.

ఇంక ఏం మిగిలింది? అబద్ధానికి పదిమంది సాక్ష్యం, నిజానికి ఒక్కడు. ఆ ఒక్కడూ ఇరవై రెండేళ్లు అబద్ధమాడినవాడు. మార్కండేయ అందరినీ వదిలి కూతురు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, నువ్వన్న నమ్ము. పిల్ల ఉన్నది. ఆ దారిల సుక్క నీళ్లుండవు."

యాదమ్మ సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"నాకు కనబడదని నీకు ముందే తెలిసినట్టుంది నాయినా."

"అది కాదు బిడ్డా..."

"ఊరంత అనంగ ఇన్న. నువ్వొక్కనివి అనలేదని ఇన్నొద్దులు ధైర్యంగ ఉన్న. నాకు కనబడకపోతే నలుగుర్ల నా మొఖం పోతదని, అసలు ఊటే లేదంటున్నవు. నా కోసం నీ ఇజ్జత్ గూడ తీసుకుంటున్నవు." ఆమె పిల్లను ఎత్తి భుజాన వేసుకుంది. "అంటే నువ్వు గూడ నన్ను గట్లనే అనుకుంటున్నవు గద."

ఏ మాట అన్నా ఆమె అనుకున్నదానికే సాక్ష్యమవుతుందని మార్కండేయకు తెలుసు. తన కూతురికి తను చేసిన అన్యాయం ఎంతటిదో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"నాకు బుర్ర వద్దు," అంది యాదమ్మ అందరికీ వినబడేలా. "ఎవరి బుర్రల నీళ్లు గూడ తాగ. ఊట కాడనే తాగుత. పిల్లకు గూడ ఆడనే తాపుత."

తిమ్మమ్మ మెచ్చుకోలుగా తలూపింది. మిగతా ఆడవాళ్లు యాదమ్మను కొత్తగా, గౌరవంగా చూశారు. చాలా రోజుల తర్వాత అట్లాంటి చూపు ఆమె మీద పడింది. ఆమె దాన్ని వదులుకోదని మార్కండేయకు తెలిసిపోయింది.

ఆయన లేచి లోపలికి పోయాడు. దూలానికి వేలాడుతున్న బుర్రలన్నీ దించాడు. ఆరున్నాయి. కావడి బద్దకు ఇటు మూడు, అటు మూడు కట్టి, భుజానికెత్తి చూసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. నిండితే ఆ బరువు యాభై ఎనిమిదేళ్ల భుజం ఏడు రోజులు మోస్తుందా అన్నది ఆయన ఆలోచించలేదు. ఆ లోయ అంచు భయం ఇంకా పోలేదు. అయినా ఆ పిల్ల పక్కనే నడవాలి. తల్లి వద్దన్నా నోట్లో నీళ్లు పోయాలి.

"నేను గూడ వస్తున్న," అన్నాడు.

వాకిలంతా ఒక్కసారి కళకళలాడింది. ఇరవై రెండేళ్ల తర్వాత మార్కండేయ బయలుదేరుతున్నాడు. కౌసల్యమ్మ కళ్లు తుడుచుకుంది. తిమ్మమ్మ నవ్వుతూ తన మూటకు కట్టుకున్న బుర్రను ముడి విప్పి గోడవారగా పెట్టేసింది.

"ఊట జూసినోడే ఎంబడి వస్తుంటే ఇంక మనకిది ఏందికి?" అంది.

ఆమెను చూసి మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే తమ బుర్రలు విప్పసాగారు. కురుమూర్తి అందరికంటే ఆఖరున విప్పాడు.