మంచు కరగని పాతర

మినా రాడట్జ్ ఇంటి ఆవును దివాణంవాళ్లు విప్పుకుపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. బండి ఇరుసుకు కొవ్వు రాస్తున్నాను. స్ట్రేలో అనే దివాణం మేనేజరు కొట్టంలోకి వెళ్లి పలుపు విప్పాడు.

"శాంతి ఒప్పందం, మినా. వెర్సాయిలో సంతకాలయ్యాయి. ఫ్రాన్సు వాళ్లకు పాడి ఆవులివ్వాలట."

"మా ఆయన్ని ఇచ్చాను గదయ్యా ఫ్రాన్సుకి. అక్కడి మట్టిలోనే ఉన్నాడు. ఆవు గూడా కావాలంటా?"

"నన్నడిగితే నేనేం చెప్పను? యుద్ధంలో ఓడిపోయాం."

"దొరగారి మందలోంచి ఎన్ని పోయినాయ్?"

స్ట్రేలో పలుపు లాగాడు. దొర మంద మర్నాడు కూడా మా కళ్ల ముందే మేతకు పోయింది. జర్మనీలో మా పోమెరానియా వైపు మాబోటి కూలి కుటుంబానికి ఉండేది ఒక్క ఆవు. దానితోపాటు కూలి కింద ఇన్ని బంగాళాదుంపలు, ఇంత రొట్టెగింజ. ఆవు పోయాక మినా ఇద్దరు ఆడపిల్లలకు మిగిలినవి దుంపలే.

కోతల పండుగనాడు దొర మెట్ల మీద నిలబడ్డాడు. "మీ పిల్లల పాలు లాక్కున్నది నేను కాదు, వెర్సాయి!" అన్నాడు. మేం టోపీలు ఎగరేశాం. మినా మరిది ఎమిల్ మా బళ్లవాళ్లకు పెద్ద. వాడు గొంతు చించుకున్నాడు. ఆవును ఎవరు విప్పారో కళ్లారా చూసినవాళ్లం, అయినా అరిచాం. ఓడిపోయినవాడికి తిట్టడానికి ఒక పేరు కావాలి. దొర ఇచ్చిన పేరు దూరంగా ఉంది. దాన్ని తిడితే ఎవరూ ఇల్లు ఖాళీ చేయమనరు.

ఆ తర్వాత కుర్ర ఆఫీసర్లు దిగారు. ఒప్పందం సైన్యాన్ని కుదించేస్తే ఉద్యోగాలు పోయినవాళ్లు. పేరుకు కూలీలు. పార ముట్టలేదు. దొర పందిమాంసం తిని అడవిలో కవాతు చేశారు. మాకు రావలసిన దుంపలు మాత్రం సగమయ్యాయి. అడిగితే, మళ్లీ ఒప్పందం.

చలి ముదిరింది. పొలం చివర మూడు పాతర్లున్నాయి. దుంపలు పోగేసి, గడ్డి కప్పి, మట్టి మెత్తిన పొడుగాటి గుట్టలు. లోపల దుంప ఊపిరి తీస్తుంది. ఆ వెచ్చదనానికి పైన మంచు కుంగుతుంది. రెండింటి మీద కుంగింది. మూడోదాని మీద దుప్పటి పరిచినట్టు తెల్లగా ఉంది.

"అది ఫ్రాన్సుకు పంపే దుంప. దగ్గరికి పోతే తోలు ఒలుస్తా" అన్నాడు స్ట్రేలో.

సాయంత్రం కమ్మరికొట్టంలో చేరాం.

"మంచు కుంగలేదంటే అందులో దుంప గడ్డకట్టి చచ్చయినా ఉండాలి, అసలు లేకనన్నా పోవాలి" అంది మినా. "గడ్డకట్టి ఉంటే కుళ్లకముందే తీసి తిందాం. మా చిన్నది తొక్కలు నములుతోంది."

"దొర మాట కాదంటే ఇల్లు పోద్ది వదినా" అన్నాడు ఎమిల్.

"ఇల్లుంది. పొయ్యి మీద పెట్టేదేదిరా? పండగనాటి నీ అరుపులు ఉడకేసుకోనా?"

అందరూ నవ్వారు. "నవ్వింది చాలు, గునపాలు తియ్యండి" అంది ముసలి ఔగుస్టె.

తెల్లారాక అందరం వెళ్లాం. గడ్డకట్టిన మట్టి పగలగొట్టాం. గడ్డి కింద పెట్టెలు. పెట్టెల్లో నూనె పూసిన తుపాకులు. ఒప్పందం ప్రకారం ఎప్పుడో విరిచెయ్యాల్సినవి.

ఎమిల్ టోపీ తీశాడు. "మన దొర మగాడురా! ఇక చూడు ఫ్రాన్సువాడి పని!" సగంమంది తలలూపారు. నాకు వాళ్లను కొట్టాలనిపించింది.

"పోయినేడు మనం సమ్మె చేస్తే తుపాకులు ఎటు తిరిగినయ్ ఎమిల్? ఫ్రాన్సు వైపా, మన గుమ్మాల వైపా?" అంది మినా. "ఒప్పందమని నా ఆవును తోలుకుపోయారే. ఆ ఒప్పందం వీటికి లేదా?"

ఎమిల్ టోపీ మళ్లీ తలకు పెట్టుకున్నాడు. రెండో పాతర తెరిచి మా దుంపలు మేం తీసుకున్నాం.

మర్నాడు పోలీసులు వచ్చి మినాను పట్టుకుపోయారు. దుంపలకు కాదు, దేశద్రోహానికి. దాచినవాడు దేశభక్తుడు. చూసి నోరు విప్పినందుకు ఆమె ద్రోహి. పిల్లలిద్దర్నీ ఔగుస్టె తనింటికి తీసుకుపోయింది.

ఒప్పందం అమలు చూసే విదేశీ తనిఖీవాళ్లు వస్తున్నారని కబురు. తుపాకులు వెంటనే అడవికి చేర్చాలి. స్ట్రేలో బళ్లు కట్టమన్నాడు.

ఎమిల్ గుర్రం దగ్గరికి వెళ్లాడు. పట్టీలు విప్పి మంచులో పడేశాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు స్ట్రేలో.

"మా వదినను తీసుకురండి. అప్పుడు కడతాం."

నేనూ విప్పాను. అందరూ విప్పారు.

"దేశం కోసంరా!" అని అరిచాడో కుర్ర ఆఫీసరు.

"అయితే మోయండి దొరా. దేశం మీదేగా" అన్నాడు ఎమిల్.

వాళ్లే మోశారు. జారి పడ్డారు. "కవాతు బాగానే నేర్చారు నాయనా, బరువెత్తడమే రాలేదు" అంది ఔగుస్టె. నవ్వాం. ఆ నవ్వు నిలవలేదు. ఒక పెట్టె రెండో కొస పట్టుకున్నది ఎమిల్ పెద్దకొడుకు. తండ్రి వైపు చూడలేదు. పెద్దమ్మ ఆవును ఫ్రాన్సువాడు తిన్నాడని వాడి నమ్మకం. ఆ మాట వాడి చెవిలో వేసింది టోపీలు ఎగరేసిన మేమే. వాళ్లతోనే అడవిలోకి పోయాడు.

చలికాలం పోయింది. మినా రాలేదు. నాటాల్సిన విత్తనపు దుంపలు గట్టు మీద బుట్టల్లో మొలకలెత్తుతున్నాయి. ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు, నడుముకు కట్టుకున్న ముందుగుడ్డ కింద చేతులు పెట్టుకుని. వెనక మేం. స్ట్రేలో అరిచి అలిసిపోయాడు. దొరే గుర్రం మీద వచ్చాడు.

"ఏం కావాలి మీకు? దుంపలు పూర్తిగా ఇస్తా."

"మినా" అంది ఔగుస్టె.

"అది నా చేతిలో లేదు. మన కష్టాలన్నిటికీ వెర్సాయి..."

ఒక్క టోపీ కదల్లేదు.

ఎవరూ బుట్ట ఎత్తలేదు.