మధ్యలో దూరిన విండో

నేను ఒక కీబోర్డును. ఏ మీట నొక్కితే ఆ అక్షరం పంపడం వరకే నా పని. తెర మీద ఏ విండో ముందుంటే అక్షరాలు దానికే పోతాయి. ఈ సంగతి తెలుసుకోకుండా జనం నన్ను తిట్టని తిట్టు లేదు.

మొదట ఒక జిరాక్స్ షాపులో ఉన్నాను. దరఖాస్తులో సగం పేరు పడేసరికి ఏదో విండో పిలవకుండా ముందుకొచ్చేది, మిగతా సగం అందులో పడేది. తిట్లు నాకు. షాపు మూసేశాక ఒక చిన్న ఊరి కోర్టుకు చేరాను.

అక్కడి టైపిస్టు రుక్మాంగదరావు గారు పాత టైపు మిషన్ మీద చెయ్యి తిరిగిన మనిషి. తెర చూసి కొట్టడం ఆయనకు నామోషీ. చెవులు జడ్జిగారికి, చూపు సాక్షికి, వేళ్ళు నాకు.

ఆ రోజు బోనులో పైడమ్మ నిలబడింది. ఆమె భర్తను కొట్టి చంపిన ముగ్గురూ ఎదురుగానే ఉన్నారు. చూసింది ఆమె ఒక్కతే. తల ఎత్తకుండా ముగ్గురి పేర్లూ చెప్పేసింది. జడ్జిగారు చెప్పారు, రావుగారు కొట్టారు, వాక్యం పూర్తయిందని ఎంటర్ నొక్కారు.

సరిగ్గా అప్పుడే ఒక విండో మధ్యలో దూరింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టమంటారా అని దాని ప్రశ్న. నా ఎంటర్‌ను లాక్కుని, అవునన్నారనుకుంది. తెర నల్లబడింది. వాంగ్మూలం మొత్తం పోయింది.

"కీబోర్డు పాడైందండీ" అన్నారు రావుగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి టైపు చేస్తుంటే, ఆ మనిషే పిలిస్తే తప్ప ఏ విండో అయినా వెనకే ఆగాలి. ఇంత చిన్న మర్యాద దాన్ని తయారుచేసిన పెద్దమనుషులకు తోచలేదు.

కాగితం మీదకు రానిది సాక్ష్యం కాదట. కంప్యూటర్ తిరిగి లేచాక "మళ్ళీ చెప్పమ్మా" అన్నారు జడ్జిగారు. ఈసారి పైడమ్మ తల ఎత్తింది. ఆ ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు.

"నాకు గేపకం నేదు బావూ."

"ఇప్పుడే గదమ్మా చెప్పావు" అన్నాడు సర్కారు వకీలు. ఆమె మళ్ళీ అదే మాట అంది.

నన్ను తీసి విరిగిన కుర్చీల గదిలో పడేశారు. నా స్థానంలోకి కొత్త కీబోర్డు వచ్చింది. ఆ విండో మాత్రం అక్కడే ఉంది. నేను చివరిగా పంపింది పైడమ్మకు జ్ఞాపకం లేదన్న మాట. అది కొడుతున్నప్పుడు ఏ విండో అడ్డు రాలేదు.