ఎర్ర కుండల పటం

నేను ఒక గోడపటాన్ని. తెల్లటి గుడ్డకు గంజి పట్టించి, ఎండబెట్టి, రంగులు పూసి నన్ను తయారుచేశారు. నల్గొండ జిల్లాలో రాచకుంట అనే ఊరి ఆసుపత్రి గోడకు నన్ను తగిలించారు.

నాకంటే ముందు ఆ గోడ మీద ఒక కాగితం ఉండేది. ఏ బోరు నీళ్లలో ఎముకలను వంచే ఫ్లోరైడ్ ఎంత ఉందో డాక్టర్ వింధ్యావళి పరీక్ష చేయించి, నిలువు గీతలుగా గీసి అంటించింది. గీతలన్నీ నిజాలే. జనం మాత్రం దాని కిందే కూర్చుని మందులు తీసుకుని, ఇంటికి వెళ్లి పడమటి వాడ బోరు నీళ్లే తాగేవాళ్లు. మనుషులు చిత్రమైనవాళ్లు. తమ సంగతే చెబుతున్నా, అందులో తమ పోలిక కనబడనిదే తల తిప్పరు.

అందుకని ఆవిడ డ్రాయింగు మాస్టారు యాకూబ్‌ను పిలిపించింది. ఆయన ఊరంతా తిరిగి, ఒక్కో బోరుకూ బావికీ ఒక్కో కుండ బొమ్మ వేశాడు. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ కుండ ఎర్రబడుతుంది. ఉత్సాహం కొద్దీ పడమటి వాడ కుండను మిగతావాటికి రెండింతలు గీశాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. కుండ పెద్దదైతే అక్కడ నీళ్లు పుష్కలమని అనుకుంటారంది. ఆయన గొణుక్కుంటూనే అన్నీ ఒకే కొలతకు తెచ్చాడు. ఆ ఎర్ర కుండ పక్కన, మోకాళ్లు వంగి, ఏడుపు ముఖంతో కర్ర పట్టుకున్న ఒక ఆడమనిషిని గీశాడు.

నన్ను తగిలించగానే జనం మూగి, ఎవరి కుండ ఏదో వేళ్లతో చూపించుకున్నారు. అంతలో సైదమ్మ వచ్చింది. పడమటి వాడ మనిషి. చిన్న వయసులోనే కాళ్లు వంగి, కర్ర సాయం లేనిదే నడవలేకపోయేది. నా ముందు నిలబడి చూసింది.

“సారూ, గిది నేనే గదా,” అంది యాకూబ్‌తో. “అడగకుండ నన్ను గోడకెక్కిచ్చినవు. వచ్చేటోళ్లు పోయేటోళ్లు నా కాళ్లే జూడాల్నా?”

ఆయన ముఖం చిన్నబోయింది. నన్ను కిందికి దించి, ఆ బొమ్మ మీద తెల్లరంగు పూసేస్తానన్నాడు. సైదమ్మ కర్ర అడ్డుపెట్టింది.

“తుడువకు,” అంది. “గా ఏడుపు ముఖం నాది కాదు, అది మార్చు. నా పక్కన నా బిడ్డ రజితను గియ్యి. దాని కాళ్లు సక్కగున్నయి. అట్లనే ఉండాలె.”

ఈసారి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడుగడుగునా అడుగుతూ గీశాడు. తల్లి చెయ్యి పట్టుకుని రజిత నిటారుగా నిలబడింది. రెండు జతల కాళ్లూ పక్కపక్కన పడ్డాయి. ఇక ఎవరూ ఎవరికీ వివరించే పని లేకపోయింది. కొద్దిరోజుల్లోనే పడమటి వాడ ఆడవాళ్లు బోరును బట్టలుతకడానికి వదిలేసి, తాగేనీళ్ల కోసం, నా మీద కుండ ఎర్రబడని ఊరవతలి మోటబావికి నడిచారు. దూరమని విసుక్కున్నారు, ఎండల్లో తిట్టుకున్నారు, అయినా నడిచారు.

తర్వాత ఆసుపత్రికి మెరిసే అచ్చుపటాలు వచ్చాయి. నన్ను చుట్టి అటకెక్కించారు. పాత సామాను పారేస్తున్నారని తెలిసి సైదమ్మ వచ్చి నన్ను అడిగి తీసుకెళ్లింది. ఇప్పుడు వాళ్ల వంటింట్లో ఉన్నాను. పొగకు నా అంచులు నల్లబడ్డాయి.

వాడకు మంచినీళ్ల నల్లా వచ్చిన రోజు, పటంలో అది కూడా ఉండాలని సైదమ్మ పట్టుబట్టింది. యాకూబ్ సారు అప్పటికే పోయాడు. రజితకు బొమ్మలు రావు. అయినా స్టూలెక్కి, నీలం స్కెచ్ పెన్నుతో నా ఖాళీ మూలలో నల్లా గీసింది. అది బాగా వంకరగా వచ్చింది. చెరిపేద్దామా అని తల్లి వైపు చూసింది.

సైదమ్మ కళ్లు చిట్లించి చూసి, “ఉండనియ్యి బిడ్డా, నీళ్లొస్తయి,” అంది.